గరిటె చప్పుడు

ఆ చెంచాతో గిన్నె మీద కొట్టకమ్మా. పిల్లిని పిలవాలంటే నోటితో పిలువు, ఏదో పేరు పెట్టావుగా దానికి. ఏం లేదులే, ఈ వయసులో చిన్న చప్పుడుకే గుండె దడదడలాడుతుంది. ఆఁ, అలా కింద పెట్టెయ్. అయినా గిన్నె నిండా పోసి పొద్దుటినుంచీ అలా వదిలేస్తావేంటి? అది అటు పోతూ ఓసారి, ఇటు వస్తూ ఓసారి మూతి పెడుతూనే ఉంది. ఒళ్ళు చూడు, దిండులా తయారైంది. మా అత్త చూసుంటే ముందు నిన్ను చీవాట్లు పెట్టి తర్వాత దాని సంగతి చూసేది. అత్తంటే మీ నానమ్మ వాళ్ళమ్మ కాదు, మేనత్త. మా నాన్న చెల్లెలు. నన్ను పెంచింది ఆవిడే. నువ్వు చూళ్ళేదు, ఆవిడ పోయేటప్పటికి మీ నాన్న కూడా చిన్నవాడే. ఫొటో లేదు. ఉన్నా గోడకి తగిలించేవాణ్ణా అంటే, ఏమో, చెప్పలేను.

బట్టల మిల్లులో క్యాంటీన్ అంతా ఆవిడ చేతిమీదుగా నడిచేది. మేనేజరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ క్యాంటీన్ అత్తే, అసలు పేరు ఎవడికీ తెలీదు. మిల్లు ఆవరణలో ఆరు కుక్కలు, మూడు పిల్లులు ఉండేవి. వాటికి ఆవిడ తిండి పెట్టే పద్ధతి ఉందే, ఆస్పత్రిలో డాక్టరు కూడా రోగిని అంత పట్టించుకోడు. పిల్లులకి గోడ మీద, కుక్కలకి కింద, ఎప్పుడూ కలిపి పెట్టేది కాదు. "పిల్లికి పాలూ అన్నం కలిపి పోసి మహా పెట్టామని మురిసిపోతారర్రా. దాని పళ్ళు చూడండి ఓసారి, అవి గడ్డి కొరికే పళ్ళా? మాంసం పడకపోతే దాని కళ్ళు పోతాయి" అనేది. అందుకని కసాయి కొట్టు నుంచి కార్జం ముక్కలు, గుండెకాయ ముక్కలు తెప్పించి, ఉడికించి, వేలెడంత వేలెడంత కోసి పెట్టేది. కుక్కలకైతే అన్నం, ఉడికిన దుంపలు, మాంసం ఉడికిన నీళ్ళు. ఉల్లిపాయ తగలకూడదు. ఉప్పు తగలకూడదు. ఎముక వేస్తే పచ్చిదే, వండింది వేస్తే మాత్రం చెయ్యి విరగ్గొట్టేంత పని చేసేది, "విరిగితే సూదులవుతాయి, పేగుల్లో దిగితే తియ్యడానికి నువ్వొస్తావా" అని. కొత్త రకం తిండి ఏదైనా మొదటిరోజు చెంచాడు, మర్నాడు రెండు, అలా వారం పట్టేది పూర్తిగా అలవాటు చెయ్యడానికి. కూనలకి రోజుకి నాలుగు పూటలు, పెద్దవాటికి రెండు. మేస్త్రి అని ఒక నల్ల కుక్క ఉండేది. లైన్లో అన్నీ కూర్చున్నాయో లేదో ఒక చుట్టు తిరిగి చూసి, అప్పుడు తనకి తిండి వడ్డించే రేకు మూత దగ్గరికి వెళ్ళి కూర్చునేది, అందుకని మేస్త్రి. అసలు మేస్త్రికి ఆ పేరు విని ఒళ్ళు మండిపోయేదిలే.

పెద్ద పూట మధ్యాహ్నం మూడింటికి. షిఫ్టు మారే టైము. పావుగంట సేపు మిషన్లన్నీ ఆగిపోయేవి. మిగతా టైముల్లో గరిటె కాదు, డోలు కొట్టినా వినపడదు అక్కడ. ఆవిడేం చేసేదంటే, కుండ కిందికి దింపి, గరిటెతో కాస్త తీసి, వాటి ఎదురుగా ముందు తను నోట్లో వేసుకునేది. ఉప్పూ కారం లేని ఆ ముద్దని, గబుక్కున మింగెయ్యడం కాదు, నాలుక మీద పెట్టుకుని నెమ్మదిగా నమిలేది. మింగేది. ఆ తర్వాత మూతల్లో వడ్డించి, ఒక మూత అంచు మీద గరిటెతో మూడుసార్లు కొట్టేది. టంగ్, టంగ్, టంగ్. అప్పటిదాకా ఒక్కటీ మూతి ముందుకు చాచేది కాదు. ఆ చప్పుడు లేకుండా ఎవరేం విసిరినా వాసన చూసి వదిలేసేవి. ఎక్కడ నేర్చుకున్నావత్తా ఈ పిచ్చి అంటే ఒకసారి చెప్పింది, చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఎవరో విసిరిన ముక్క తిని కుక్కలు గిలగిల్లాడి పోయాయట. "వాటికి నోరుందిగానీ అడగడానికి లేదురా. వాటి బదులు నేను అడుగుతున్నా కుండని" అంది.

ఏం చెబుతున్నానూ. ఆఁ, యజమాని కారు. ఒకరోజు యజమాని కారు దిగబోతుంటే మేస్త్రి ఎదురుగా నిలబడి మొరిగింది. కరవలేదు, ఊరికే మొరిగింది. అంతే, వారంలోగా ఆవరణలో ఒక్క కుక్క కనపడకూడదని ఆర్డరు. మా సూపర్‌వైజరు సన్నగొంతు, అదే మేం పెట్టిన పేరు, వాచ్‌మన్ చేతికి పొట్లం ఇచ్చాడు. మూడు రోజులు మాంసం ముక్కల్లో కలిపి విసిరాడు వాచ్‌మన్. కుక్కలు దగ్గరికెళ్ళడం, వాసన చూడడం, వచ్చి నీడలో పడుకోవడం. వాచ్‌మన్ ఆ ముక్కలన్నీ మళ్ళీ తనే ఏరుకోవాల్సి వచ్చిందిట, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాలుగో రోజు సన్నగొంతు నన్ను గదిలోకి పిలిచాడు. స్టోర్స్‌లో టెంపరరీ నేను. ఇరవై నాలుగేళ్ళు. మీ నానమ్మకి ఎనిమిదో నెల. పర్మనెంటు చేసేవాళ్ళ జాబితా ఆయన బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. కూర్చోమన్నాడు. ఏనాడూ కూర్చోమనని మనిషి కూర్చోమంటే ఎలా ఉంటుందో నీకు తెలీదులే. "ఏంటయ్యా మీ అత్త మంత్రం? మా వాడు కూర వండి పెట్టినా ముట్టుకోవట్లేదట కుక్కలు" అన్నాడు నవ్వుతూ. జాబితా మీద వేలితో తాళం వేస్తున్నాడు. గరిటె సంగతి చెప్పేశాను. మూడుసార్లు కొడితేనే తింటాయండీ అని. బల్ల మీద వేలితో కొట్టి మరీ చూపించాను, అదీ నా తెలివి. రుచి చూస్తుందని చెప్పలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నేననుకున్నదేంటంటే, అత్తకి సెలవున్న రోజు చూసి వాళ్ళే గరిటె కొట్టుకుంటారు, కుక్కలు పోతాయి, అత్త నాలుగు రోజులు ఏడుస్తుంది, ఆ తర్వాత మర్చిపోతుంది. అంతే అనుకున్నా. ఒట్టు. కానీ సన్నగొంతు మనలాంటి వాడు కాదు. ఆవిడ కొడితేనే తింటాయా, అయితే ఆవిడ చేతే కొట్టిద్దాం అనుకున్నాడు.

మర్నాడు మూడు కావస్తోంది. స్టోర్స్ కిటికీ సరిగ్గా క్యాంటీన్ వెనక వరండాకి ఎదురుగా ఉండేది. మధ్యలో ఆ ఇసుక నేల, అంతే దూరం. కుండ వరండాలో చల్లారుతోంది. వాచ్‌మన్ స్తంభం చాటునుంచి బయటికొచ్చాడు. ఖాళీ పొట్లం కాగితం కాలవలో పడేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ కిటికీలో నన్ను చూసి తలాడించాడు, మనం మనం ఒకటి అన్నట్టు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ కుండలో మొదటి ముద్ద తినేది కుక్క కాదు. అత్త వచ్చింది, చెంగు బొడ్లో దోపుకుంటూ. కుక్కలు లైన్లో కూర్చున్నాయి. మేస్త్రి ఒక చుట్టు తిరిగొచ్చింది. అత్త కుండ ఇసుకలోకి దింపి గరిటె ముంచింది. అరిచాను. అత్తా, వద్దు, అని అరిచాను. ఆ మిషన్ల మోతలో వినపడలేదు. ఏం చేస్తాం, వినపడలేదు.

నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. చేదు తెలిసి ఉంటుంది, ఉమ్మేసింది గానీ అప్పటికే కొంత లోపలికి పోయింది. కుండ పట్టుకుని నిలబడాలని చూసింది, మోకాళ్ళ మీద పడింది. ఇప్పుడు విను. పడుతూ పడుతూ ఆవిడ చేసిన పనేంటో తెలుసా? పక్కనే రేకు మూతలు వరసగా ఉన్నాయి. చేతిలో గరిటె ఉంది. అది జారి ఆ మూతల మీద దొర్లి టంగుటంగుమందంటే కుక్కలు లేచి కుండలో మూతి పెట్టేవి. అందుకని గరిటెని గుండెలకి హత్తుకుంది, రెండు చేతులతో, చంటిపిల్లని పట్టుకున్నట్టు. ఒళ్ళంతా విల్లులా వంగిపోతోంది, కాళ్ళు ఇసుకలో తన్నుకుంటున్నాయి, చేతులు మాత్రం వదల్లేదు. కుండ నిండుగా అలాగే ఉంది, చుట్టూ ఆరు కుక్కలు. ఒక్కటి కదల్లేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు కూడా గరిటె లాక్కోబోతే ఇవ్వలేదట.

బతికింది. మొండి ప్రాణం. ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉంది. వాచ్‌మన్ ఎలకల మందు అన్నాడు, సన్నగొంతు పొరపాటన్నాడు, అందరూ సరే అన్నారు. కుక్కల జోలికి మాత్రం మళ్ళీ ఎవరూ పోలేదు, భయపడ్డారు. నేను పర్మనెంటయ్యాను. అత్త నన్ను ఒక్క మాట అడగలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఇంటికొచ్చిన మొదటి రోజు, వద్దంటున్నా వినకుండా లేచి తనే వంట చేసింది. కంచం నా ముందు పెట్టింది. పెట్టి, నా కంచంలోంచే ఒక ముద్ద తీసి, నా ఎదురుగా నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. మింగింది. నా మొహంలోకి చూస్తూనే ఉంది. ఆ తర్వాత కంచం అంచు మీద గరిటెతో మూడుసార్లు కొట్టింది. "ఊఁ, తిను" అంది.

పదకొండేళ్ళమ్మా. పోయేదాకా, పూట తప్పకుండా. మీ నానమ్మ నవ్వేది, ఏంటండీ మీ అత్తయ్యగారి ముద్దు, ఇంకా చంటిపిల్లాడనుకుంటున్నారా అని. ముద్దో ఏమో. కోపమైతే ఒకరోజు తిట్టేది కదా, రెండు రోజులు మాట్లాడకుండా ఉండేది కదా. అలా ఏమీ లేదు. నాకు ఇష్టమైనవే వండేది. ఆ మూడో చప్పుడు పడేదాకా నా చెయ్యి కంచం మీదికి లేచేది కాదు, ఎంత ఆకలేసినా. ఆవిడ పోయిన మర్నాడు వేరే వాళ్ళు పెట్టిన కంచం ముందు కూర్చుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఎవరో "తినండి" అన్నారు. ఇప్పటికీ ముందు ఒక మెతుకు నాలుక మీద పెట్టుకుని కాసేపు ఆగుతాను, చూసే ఉంటావు నువ్వు. పళ్ళు లేక అనుకుని ఉంటావు.

ఏంటి? లేదు, ఆవిడ నన్ను చూడలేదు. గరిటె ముంచేటప్పుడు తలెత్తి కిటికీ వైపు చూసింది గానీ, అది ఊరికే, రోజూ చూసినట్టే. అరిచాననే చెప్పాను కదా. అందరికీ అదే చెప్పాను, మీ నానమ్మకి కూడా. మిషన్ల మోత... ఏమన్నావు? షిఫ్టు మారేటప్పుడు మిషన్లు ఆగిపోయేవని నేనే చెప్పానా? ఎప్పుడు, ఇందాకా?

ఆ పిల్లి తిండి సంచీ మూతి గట్టిగా కట్టేశావా అమ్మా. గాలి తగిలితే మెత్తబడిపోతుంది, పిల్లి ముట్టుకోదు.