పత్తి లోడు మీది కమాండర్

ఆదోని మార్కెట్ యార్డు గేటు ముందు పత్తి ట్రాక్టర్ ఆగిపోయింది. ట్యాంకు దళం నుంచి సెలవు మీద వచ్చిన జవాను స్టీరింగ్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. వెనక ట్రాలీలో, పత్తి మూటల మీద అతని భార్య.

"ఏం మామా, గేటు తీసినారు గదా! వేలం మొదలయితాంది, పోనీ."

"నువ్వు సెప్తావని సూస్తాండా."

"నేను సెప్పేదేంది?"

"అలవాటు మే. ట్యాంకులో డ్రైవరుకు కనపడేది ఇంత సందే. పైనుంచి కమాండర్ ఎడమ అంటే ఎడమ, ఆగు అంటే ఆగు. సొంతంగా బ్రేకు తొక్కేది గూడా లేదు."

"యుద్ధంలోనూ ఇట్లనే నిలబడతారా?"

"అదేం మాట! అందరికన్నా ముందర పోయేది మేమే. శత్రువు లైను మేము పగలగొడితేనే, నడిచే జవాన్లు మా వెనకాల వచ్చేది."

"అంత ముందర పోయేటోడు మార్కెట్ గేటు దాటలేకపోతాండాడు! సరే, నేనే కమాండర్. ముందుకు!"

ట్రాక్టర్ కదిలింది.

"ఎడమకు! ఇంగా కొంచెం... ఆ ఎద్దుల బండిని తప్పించు."

"బాగానే సెప్తాండావే. కానీ ట్యాంకులో ముగ్గురుండల్ల. మనం ఇద్దరమే."

"ముగ్గురమే ఉండాము."

"మూడో మనిషి యాడ?"

"నా కడుపులో. నిన్న అమ్మతో ఎమ్మిగనూరు ఆస్పత్రికి పోయింది దీనికే. గుంతలు సూసి మెల్లగా పోనీ."

ఆర్డరు రాకుండానే అతను బ్రేకు తొక్కాడు.