మొలల క్లినిక్‌లో వియ్యంకులు

ఇంగ్లండులోని కోవెంట్రీలో మొలల క్లినిక్. పిల్లల విడాకులయ్యాక రెండేళ్లుగా మొహం చూడని వియ్యంకుడు ఆంజనేయప్రసాద్ పక్క కుర్చీలో కనిపించేసరికి శేషగిరికి లేచి వెళ్లిపోవాలనిపించింది.

"వెళ్లండి, శేషగిరి గారూ. మీ టైము నాకిస్తారు."

"నేనెందుకు వెళ్తాను? ఈ అపాయింట్‌మెంటు కోసం ఎనిమిది నెలలు చూశాను."

"అయితే కూర్చోండి."

"కూర్చోగలిగితే ఇక్కడికెందుకొస్తానండీ, ప్రసాద్ గారూ?"

"అదీ నిజమే. నాకిది రెండోసారి."

"మిమ్మల్ని అడగలేదు."

"రబ్బరు బ్యాండు వేస్తారు. అయిదు నిమిషాలు. మొల ఎండి దానంతటదే రాలిపోతుంది. మత్తు కూడా..."

"అడగలేదన్నానా! ఇంటికెళ్లి మీ అమ్మాయికి చెప్పి నవ్వుకోండి, అంతే."

"మీవాడి పుణ్యమా అని మా అమ్మాయి నవ్వడం ఎప్పుడో మానేసింది."

"మావాడొక్కడిదేనా తప్పు?"

"ఇక్కడొద్దు. ఆ ఫారంలో ఏం రాశారు?"

"నా ఫారం మీకెందుకు?"

"మందులేమైనా వాడుతున్నారా అంటే 'నో' అని టిక్కు పెట్టారు. గుండెకి స్టెంటు వేశాక రక్తం పల్చబడే మాత్రలు ఇచ్చారుగా మీకు?"

"తొంగిచూశారా? సిగ్గులేదూ?"

"లేదు. మానేశారా, వేసుకుంటున్నారా?"

"పొద్దున కూడా వేసుకున్నా. చెబితే వెనక్కి పంపేస్తారు. మీరు నోరు మూసుకోండి."

"వారం తర్వాత ఆ మొల రాలినప్పుడు రక్తం ఆగకపోతే?"

"మీకు పీడా పోతుంది."

"డెబ్బై నాలుగేళ్లొచ్చాయి. ఎందుకండీ ఇంత తొందర?"

"పై నెల మొదటి ఆదివారం సిరిని చూడ్డానికి రెండు గంటలిచ్చింది మీ అమ్మాయి. పద్నాలుగు నెలల తర్వాత! పది నిమిషాలు కూర్చుంటే ప్యాంటుకి రక్తం. మనవరాలి ముందు ఎలా కూర్చోను?"

"సిస్టర్! ఎక్స్‌క్యూజ్ మీ!"

"వద్దు. ప్రసాద్ గారూ, వద్దు. దండం పెడతా."

"సిస్టర్, హీ ఈజ్ ఆన్ బ్లడ్ థిన్నర్స్. హీ డిడ్ నాట్ రైట్ ఇట్."

"ఓ, థాంక్యూ. సారీ సర్, నాట్ టుడే దెన్. వీ విల్ గివ్ యూ అనదర్ డేట్."

"కడుపు నిండిందా? అప్పుడు నా కొడుకు సంసారం, ఇప్పుడు ఇది."

"నిండలేదు. మీ ఇల్లు అదేనా, మారారా?"

"అదే. ఎందుకు? అక్కడికీ వచ్చి పరువు తీస్తారా?"

"మా అపూర్వతో పోట్లాట నేను పడతాను. పై నెల దాకా ఎందుకు, ఈ శనివారమే పిల్లని మీ ఇంటికి తెస్తా. పక్కకి తిరిగి పడుకునైనా దాంతో కబుర్లు చెప్పండి, బావగారూ."