వంతెన కింద రెండు తోకల పురుగు

అందరికీ నమస్కారం.

ఇంతమంది వస్తారని మేం అనుకోలేదండీ. కుర్చీలు చాలక పక్క గదిలోంచి ల్యాబ్ స్టూళ్లు తెచ్చి వేశాం. వాటి మీద కూర్చున్నవాళ్లు కొంచెం జాగ్రత్త, ఒకదానికి కాలు ఊగుతుంది. ఏదన్నది నాకు గుర్తులేదు. వెనక నిలబడ్డవాళ్లు కిటికీ గట్టు మీద కూర్చోవచ్చు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

అక్క వెళ్లిపోయింది. పోయిన వారం, మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. మళ్లీ లేవలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, ఎవరితోనూ చేయించుకోలేదు. నాకు ఏడుపు రాలేదా? వచ్చింది. ఇంట్లో ఏడ్చే వచ్చాను. కానీ నిండుగా, ఇష్టంగా బతికిన మనిషి గురించి మొహం వేలాడేసుకుని మాట్లాడితే ఆవిడకే నచ్చదు. కాబట్టి నవ్వు వస్తే నవ్వండి. ఆ ఫొటోలో ఆవిడ కూడా నవ్వుతోంది చూడండి. ఎందుకు నవ్వుతోందంటే, ఆ క్షణంలో ఫొటో తీస్తున్న ఆయన బూటు మీదికి జలగ ఎక్కుతోంది.

ఆవిడ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ నీటి పరీక్షల ల్యాబ్‌లో నేను సీసాలవాణ్ణి. ఏటి నీళ్లు సీసాలో పట్టుకొచ్చి, మందులు వేసి, అందులో ఏమేం కలిశాయో చెప్పడం నా పని. నాతోపాటు ఇక్కడే పనిచేసిన అక్క పని వేరు. ఏట్లో రాళ్ల కింద బతికే పురుగుల్ని చూసి, ఏరు బాగుందో లేదో చెప్పడం ఆవిడ పని. ఊళ్లో సగంమందికి ఆవిడ పేరు తెలియదు. పురుగుల మేడమ్ అంటే మాత్రం ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

ఆ పని ఎలా చేసేదో మీలో ఎంతమంది చూశారు? పొడుగు రబ్బరు బూట్లు తొడుక్కుని ఏట్లోకి దిగేది. నీళ్లు పారే దారికి అడ్డంగా వల పట్టుకుని, దాని ముందు నిలబడి, కాళ్లతో రాళ్లన్నీ కెలికేది. రాళ్ల కింద దాక్కున్నవన్నీ లేచి, నీళ్లతోపాటు కొట్టుకొచ్చి వలలో పడేవి. దూరం నుంచి చూసేవాళ్లకి ఎవరో పెద్దావిడ ఏట్లో ఒంటరిగా డాన్స్ చేస్తున్నట్టుండేది. ఒకసారి వంతెన మీద బస్సు ఆపి మరీ చూశారు. ఆవిడ కిందినుంచి చెయ్యి ఊపి మళ్లీ మొదలెట్టింది.

వలలో పడ్డవాటిని తెల్లటి ట్రేలో పోసి, పక్కన గొంతుక్కూర్చునేది. అప్పుడు చూడాలి ఆ కళ్లు! ఎవరైనా ఈసడించుకుంటే మనం ఏమంటాం? పురుగుని చూసినట్టు చూశాడంటాం. అక్క ఎవరినైనా పురుగుని చూసినట్టు చూసిందంటే, అయ్యా, వాడి జన్మ ధన్యమైనట్టే. నన్ను ఒక్కసారి కూడా అలా చూడలేదు.

ఆ ట్రేలో ఉండేవాటికి పుస్తకాల్లో నోరు తిరగని పేర్లుంటాయి. అక్క మనకోసం వేరే పేర్లు పెట్టింది. మూడు తోకల పురుగు. ఇసుక రేణువులు అతికించుకుని ఒంటి చుట్టూ గూడు కట్టుకునే మేస్త్రి పురుగు. మురుగులో కూడా హాయిగా బతికేసే ఎర్ర పురుగు. ఇక అన్నిటికంటే నాజూకుది, రెండు తోకల పురుగు. చల్లగా, తేటగా పారే నీళ్లు కావాలి దానికి. కాస్త మురికి తగిలినా ముందు అదే పోతుంది. మన ఏట్లో వంతెనకి పైన అది ఎప్పుడూ ఉండేది. వంతెన దిగువన, రంగుల ఫ్యాక్టరీ కాలవ కలిసిన చోటునుంచి ఒక్కటీ లేదు. అక్కడ ఏ రాయి ఎత్తినా ఎర్ర పురుగులే.

వంతెన దిగువకి ఆ రెండు తోకల పురుగు తిరిగి రావాలి. అక్క కోరుకున్నది ఇదొక్కటే. ఉద్యోగంలో పైకెళ్లాలని లేదు, సన్మానాలు కావాలని లేదు. ఆ పురుగు రావాలి, అది తను చూడాలి.

ఆ రోజుల్లో నాకూ ఆవిడకీ రోజూ తగువే. నా సీసాల ప్రకారం దిగువన నీళ్లు ఫరవాలేదు. ఆవిడ ట్రే ప్రకారం ఏరు చచ్చిపోయింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని నేను, ఆవిడ పురుగుకి రెండే తోకలని ఆవిడ. చివరికి ఒక మాట అంది: "తమ్ముడూ, నీ సీసా ఈ పొద్దున్న జరిగింది చెప్తుంది. నా పురుగు ఏడాదిగా అక్కడే కాపలా ఉంది. సెలవురోజు ఏం వదిలారో దాన్నడుగు." నిజంగానే సెలవురోజు వెళ్లి చూశాం. కాలవ నీలంగా వస్తోంది. మర్నాటికి తేటగా ఉంది. ఇద్దరిలో ఎవరమూ అబద్ధం చెప్పలేదండీ. ఎవరు చూసింది వాళ్లం చెప్పాం, అంతే.

ఆ సంగతంతా కాగితం మీద రాసి పెద్దాఫీసరు గారి దగ్గరికి వెళ్లాం. మంచివారు, పాపం, తీరిక లేనివారు. కాగితం అక్కడ పెట్టి వెళ్లండి, చూస్తానన్నారు. అక్క కాగితంతోపాటు రెండు ట్రేలు కూడా పెట్టింది. నున్నగా మెరిసే ఆ బల్ల మీద, ఒక పక్క వంతెన పైది, ఒక పక్క వంతెన కిందది. పై ట్రేలో రకరకాల పురుగులు సంతలా కదులుతున్నాయి. కింద ట్రేలో ఎర్ర పురుగులు, ఒక జలగ. ఆయన ఫోన్ మాట్లాడుతుండగా ఆ జలగ ట్రే అంచు దాటి ఫైళ్లవైపు ప్రయాణం కట్టింది. ఆయన రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నారు! అక్క ఏమాత్రం కంగారు పడకుండా దాన్ని తీసి ట్రేలో వేసి, "భయపడకండి సార్, ఇది కిందినీళ్లది, ఎక్కడైనా సర్దుకుపోతుంది" అంది. ఆయన నవ్వారు. నవ్వి, కాళ్లు దింపకుండానే కాగితం చదివారు. ఫ్యాక్టరీ మురుగు శుద్ధి చేసి వదలాలన్న ఉత్తర్వు ఆ కుర్చీలోంచే వచ్చింది. ఆయన ఇవాళ ముందు వరసలో ఉన్నారు. సార్, ఇప్పుడు కాళ్లు దింపవచ్చు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి.

శుద్ధి మొదలయ్యాక ఏటేటా దిగువన చూస్తూ వచ్చాం. ముందు నత్తలొచ్చాయి. తర్వాత తూనీగ పిల్లలు. తర్వాత మేస్త్రి పురుగు. రెండు తోకలది మాత్రం రాదు. ఒకరోజు వచ్చింది! ట్రేలో, మూలన, నిజంగా రెండు తోకలతో. అక్క కేక పెట్టింది. గట్టు మీద నేను గంతులేశాను. ఫ్యాక్టరీ వాళ్లకి తెలిసింది. పేపర్లో పడింది. ఏరు కోలుకుంది కాబట్టి ఇక ఏటేటా తనిఖీలు అక్కర్లేదని సర్టిఫికెట్ తయారైంది. అక్క సంతకం ఒక్కటే తక్కువ.

సంతకం పెట్టాల్సిన రోజు అందరం ఈ గదిలోనే ఉన్నాం. అక్క వచ్చింది. పెన్ను తియ్యలేదు. తన వల బల్ల మీద పెట్టింది. "ఆ రోజు నేను ముందు వంతెన పైన చూశాను. తర్వాత కిందికి వచ్చాను. మధ్యలో వల కడగలేదు. ఆ పురుగు పైనుంచి నా వలలో కూర్చుని వచ్చింది" అంది.

మా పనిలో ఇది మొదటి పాఠమండీ. ఒక చోటునుంచి ఇంకో చోటికి వెళ్లేముందు వల కడగాలి, దులపాలి, తిరగేసి చూడాలి. కొత్తగా చేరినవాళ్లు మర్చిపోతే ఆవిడ ఎంత చీవాట్లు పెట్టేదో తిన్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఆ రోజు వర్షం వచ్చేలా ఉందని తొందరపడి తనే మర్చిపోయింది. ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు. ఆవిడ నోరు విప్పకపోతే ఎవరికైనా తెలిసేదా? ఇంట్లో కూర్చుని తనంతట తను గుర్తుచేసుకుని, తన కోరిక తనే తుడిచేసుకుని వచ్చింది. ఎవరో గొణిగారు, ఒక్క పురుగు గురించి కోడిగుడ్డుకి ఈకలు పీకడం ఎందుకని. అక్క అంది: "రానిదాన్ని వచ్చిందని చెప్తే, నిజంగా వచ్చిననాడు ఎవరు నమ్ముతారు?"

సర్టిఫికెట్ ఆగింది. తనిఖీలు ఆగలేదు. పేపర్లో ఆవిడ తప్పు గురించి కూడా వేశారు, ఇంకొంచెం పెద్ద అక్షరాలతో. దాన్ని ఆవిడే కత్తిరించి, సింక్ పైన అంటించింది. కింద "వల కడగండి" అని రాసింది. అదుగో, ఇప్పటికీ ఉంది. నాకు ఆవిడంటే ఉన్న గౌరవమంతా ఆ గోడ మీద ఉంది.

ఏళ్లు గడిచాయి. అక్క రిటైరైంది. మోకాళ్లు మొరాయించాయి, ఏట్లోకి దిగలేకపోయింది. అప్పుడు దిగిందెవరో తెలుసా? ఆవిడ కూతురు. బట్టల కుట్టు షాపు నడుపుతుంది, అమ్మ పురుగుల వాసనతో ఇంటికొస్తుందని చిన్నప్పుడు ఆమడ దూరం పారిపోయిన పిల్ల. అమ్మకి వలలు కుట్టిచ్చేది కానీ ఏటి మొహం చూసేది కాదు. అలాంటిది అమ్మ బూట్లు తొడుక్కుని, "పద మామయ్యా" అని నన్ను లాక్కెళ్లింది. మొదటిరోజు రెండుసార్లు పడింది. నేను మూడుసార్లు.

పోయినేడాది, వంతెన దిగువన, ఆ అమ్మాయి ఎత్తిన రాయికి అంటుకుని ఒకటి కనిపించింది. రెండు తోకలు. అక్కకి ఫోన్ చేశాం. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి ఏమంటుంది? ఏడుస్తుందా, దేవుడా అంటుందా? "వల కడిగారా?" అంది. వల వాడలేదమ్మా, రాయికే ఉంది అంటే, "మూడో తోక విరిగిందేమో చూడండి" అంది. ఇలా కాదని కారులో కూర్చోబెట్టి తీసుకెళ్లి, కుర్చీతో సహా గట్టు దించాం. నేనూ, డ్రైవరూ మోశాం. నా నడుం ఇంకా చెప్తూనే ఉంటుంది ఆ కథ.

భూతద్దం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోను. తర్వాత, "ఎండ తగులుతోంది దానికి, రాయి ఎక్కడిదక్కడ పెట్టెయ్యండి" అంది. అంతే. కానీ కూతురి చెయ్యి మాత్రం వదల్లేదు.

తిరిగొస్తూ నేనడిగాను, ఇప్పుడు తృప్తేనా అక్కా అని. ఆవిడ సంగతి తెలిసి కూడా అడిగాను. "తృప్తే తమ్ముడూ. కానీ వచ్చేసిందని రాయకు. ఒకటి కనిపిస్తే చుట్టపుచూపుగా వచ్చినట్టు. పెద్దవీ చిన్నవీ ఒకే రాయి కింద కనిపించాలి. అప్పుడు కాపురం పెట్టినట్టు." మళ్లీ ఏడాది ఎదురుచూడటం మొదలెట్టింది! దిగులుగా కాదు, సరదాగా. పండక్కి ఇంకా ఎన్నాళ్లుందని లెక్కపెట్టుకునే పిల్లలా.

ఈ ఏడాది తనిఖీ రోజు నిన్న. అక్క పోయిందని వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు కదా, వాయిదా వేద్దామా అన్నాను. ఆ అమ్మాయి వినలేదు. కొత్త వల కుట్టింది. నీళ్లే తగలని వల. వంతెన పైకి అసలు వెళ్లలేదు, తిన్నగా దిగువకే వెళ్లాం. ఎన్ని రకాలుగా మమ్మల్ని అనుమానించేదో అన్నీ ముందే సరిచూసుకున్నాం. అమ్మాయి నీళ్లలో నిలబడి రాళ్లు తిప్పింది. నేను గట్టు మీద కూర్చున్నాను. ఒక రాయి తిప్పి చూసి, దాని పక్క రాయి కూడా తిప్పింది. తర్వాత నన్ను పిలిచింది. బూట్లు లేకుండానే దిగాను.

మీలో ఎవరికీ ఇంకా చెప్పలేదు. మా ఇద్దరికే తెలుసు. ముందు ఆవిడకి చెప్పాలి కదా.

అక్కా, వల కడగక్కర్లేదు, కొత్తది. తోకలు రెండే, ఇద్దరం విడివిడిగా చూశాం. గోరంత పెద్దవి ఉన్నాయి. నువ్వుగింజ కంటే చిన్నవి ఉన్నాయి. ఒకే రాయి కింద ఉన్నాయి. పక్క రాయి కిందా ఉన్నాయి. కాపురం పెట్టాయక్కా.

రాయి ఎక్కడిదక్కడే పెట్టేశాం.

అయ్యలారా, అమ్మలారా, లేవండి. స్టూలు చప్పుడు కాకుండా నెమ్మదిగా లేవండి. ఎన్ని నిమిషాలో నేను చెప్పను. ఆవిడ కూతురు కూర్చున్నప్పుడు మనమూ కూర్చుందాం. అప్పటిదాకా, అక్క కోసం, అందరం మౌనంగా నిలబడదాం.