పట్టాయా వెళ్ళిన ముడుపు

హలో… ఆఁ, నేనేరా, మీ అక్కనే. ఈ ఇంట్లో ఫోనెత్తేది ఇంకెవరు…

బాగున్నాను. మీరిద్దరూ బాగున్నారా? పట్టాయా వచ్చేశారా?… నిన్న రాత్రేనా. బస్సులో వచ్చారా… రోడ్లు అంత బాగున్నాయా! ఎరువులు బాగా అమ్మావని కంపెనీవాళ్ళు నిన్నూ సూర్యకళనీ విమానం ఎక్కించి తిప్పుతున్నారంటే మన కోరుకొండలో సగం మంది నమ్మట్లేదు. పక్కింటి బుల్లబ్బాయైతే, మీరు తునిలో లాడ్జిలో దిగి ఫోటోలు పెడుతున్నారంటున్నాడు…

సరే నవ్వింది చాలు, సంగతి చెప్పు. ఊరికే ఫోన్ చేసేవాడివి కాదు నువ్వు…

ఏ ముడుపు?…

ఓ. ఆ ముడుపా.

అవును, నేనే కట్టాను… మొత్తం కట్టి మీ బ్యాగులో పెట్టాను. నువ్వే కదా, ఖర్చులకని మార్పించిన డబ్బు కవరు నా చేతిలో పెట్టి, ‘అక్కా, ఇందులోంచి ఒక నోటు తీసి కోరుకొండ స్వామికి ముడుపు కట్టెయ్, నేను స్నానం చేసొస్తా’ అన్నావు… అన్నావురా. ఆ దేశం నోట్లలో ఏది చిన్నదో ఏది పెద్దదో నాకేం తెలుసు—

సరే, తెలుసు. అంకెలొచ్చు. తెలిసే కట్టాను…

ఎందుకేంటి? నిన్ను నేను ఇవాళే చూస్తున్నానా? తిండి కంపెనీది, గది కంపెనీది, బస్సు కంపెనీది. ఇంక ఆ డబ్బు దేనికి, నీ పేకాటకా?…

కార్డు ఉందిగా?… పనిచెయ్యట్లేదా. వెళ్ళేముందు బ్యాంకులో చెప్పాలా… చెప్పలేదా. మరి అదీ నా తప్పేనా?

విప్పుకో. నన్నడగడం దేనికి? పసుపు గుడ్డ, ఒక్క ముడి. దేవుడూ లేడు దెయ్యమూ లేదని కొట్లో కూర్చుని వచ్చిన రైతుకల్లా చెబుతావు కదా…

ఆఁ, అదీ. భయం. కిందటేడు సూర్యకళ కట్టుకున్న ముడుపు విప్పి పేకాటలో పెట్టావు. వారం తిరక్కుండా కొట్టు ముందే బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నావు… అవును, అక్కడ గొయ్యి ఉంది. ఆ గొయ్యి ఎప్పట్నించో ఉంది. నువ్వు ఆ వారమే పడ్డావు…

నేను విప్పమంటే పాపం నా ఖాతాలో పడుతుందనా? తెలివైనవాడివే.

కుదరదు. నేను ఏమని మొక్కానో విను. ‘స్వామీ, వీళ్ళిద్దరూ క్షేమంగా తిరిగొచ్చేదాకా ఈ ముడి విప్పరు. వచ్చాక ఇందులో ఒక నోటు నీది, మిగతాది ఇంటిది’ అని… ఎందుకొప్పుకోడు? మొక్కేదాన్ని నేను. ఆయన ఒప్పుకోకపోతే మిమ్మల్ని విమానం దింపేవాడా?…

మరి ఈ మూడు రోజులూ ఎలా గడిపావు?… లోకనాథ్ గారు ఇచ్చారా. తుని డీలరు, ఆయనేనా?… ఎంత?… చెప్పట్లేదంటే ఎక్కువే అన్నమాట… మసాజా? దేనికి?… కాళ్ళకా! బస్సు దిగకుండా తిరుగుతున్నవాడివి, నీ కాళ్ళకి నొప్పులెందుకొచ్చాయి?…

ఏంటీ… డబ్బు నీకోసం కాదా? సూర్యకళ కోసమా?

ఆ గొడుగుదా… పడవకి తాడు కట్టి లాగితే మనుషులు సముద్రం మీద పైకి లేస్తారే, అదా… తెలుసు. వెళ్ళేముందు నా పక్కన కూర్చుని ఫోన్లో చూపించింది. ‘వదినగారూ, నాకు బజార్లొద్దు, చీరలొద్దు. ఇదొక్కటి ఎక్కితే చాలు’ అంది. మీ పెళ్ళైనప్పట్నించీ ఆ పిల్ల నోరు తెరిచి ఒకటి కావాలనడం నేనదే వినడం…

ఇవాళ సాయంత్రంతో ఆఖరా?… రేపు పొద్దున్నే విమానమా…

అయితే లోకనాథ్ గారినే అడుగు… ఇంక ఇవ్వనన్నారా. నీ కాళ్ళకి ఇచ్చినాయన ఆవిడ ఎగరడానికి ఇవ్వరా?… అంటే ఇచ్చిందంతా నీ కాళ్ళ దగ్గరే అయిపోయిందన్నమాట.

ఉండు. ఇది చెప్పు. ఈ మూడు రోజులూ సూర్యకళ ఏం చేసింది?… ఊఁ… అందరూ ఏనుగుల ఆట చూడ్డానికి వెళ్తే?… టిక్కెట్టు విడిగానా. బస్సులో కూర్చుందా… ఎండలో?… ఏసీ వేసుంచారా. వాళ్ళ దయ… మరి బజారుకెళ్ళినప్పుడు?… కొబ్బరిబోండమైనా తాగిందా?…

అదీ లేదా.

 

నీ చెయ్యి కడదామని కట్టానురా. నీ చెయ్యి బాగానే ఆడింది. ఆ పిల్లది కట్టేశాను…

ఫోను సూర్యకళకివ్వు… ఎందుకో తర్వాత చెబుతాను. ఇవ్వు.

ఆఁ, అమ్మాయ్… బాగున్నానమ్మా. తిన్నావా?… కాస్త అవతలికి రా. బాల్కనీ ఉందా?… తలుపు వేశావా?

నిన్ను ఆ గొడుగెక్కిస్తానన్నాడా వాడు?… అడగనే లేదా! నాతో మాత్రం అంతా నీకోసమే అన్నాడు…

సరేలే. నా మాట విను. ఆ ముడుపు విప్పెయ్… కాదు, ముందు విను. మొక్కింది నేను, కట్టింది నేను, విప్పమనేదీ నేనే. నీకేమీ అంటదు. సాయంత్రం లోపల వెళ్ళి ఎక్కు. వాడికి ఒక్క కాగితం ఇవ్వకు…

అబ్బ, వినవే! ఆ మూట ఎక్కడుంది?… బ్యాగులోంచి తియ్యి. ఫోను దాని దగ్గర పెట్టు. స్వామితో నేను మాట్లాడతాను… పెట్టావా?

స్వామీ, కోరుకొండ లక్ష్మీనరసింహస్వామీ. ఈ ముడి వేసింది నేను. ఈ పిల్ల సరదా కోసం నేనే విప్పిస్తున్నాను. దాని జోలికి రాకు తండ్రీ. దీనికి బదులు నీ కొండ ఎక్కుతాను. కింద మెట్టు నుంచి పైదాకా, మోకాళ్ళ నొప్పులని ఎక్కడా కూర్చోకుండా… ఒక్కచోట కూర్చుంటాను. మిగతాదంతా ఎక్కుతాను.

అయిందమ్మా. ఇంక విప్పు… విప్పావా?

ఏం?… వినపడట్లేదు. గొణక్కుండా చెప్పు…

ఎప్పుడు?

ఇవాళ పొద్దున్నా?… వాడు లేవకముందే! ఒక్కదానివేనా?… సామర్లకోట డీలరు మురళీకృష్ణ గారి భార్యతోనా… కింద కాఫీ తాగుతున్నానని చెప్పావా… మరి ముడి?… మళ్ళీ అలాగే కట్టేశావా. లోపల డబ్బు లేకపోతే లొడలొడలాడదూ?…

మూతి తుడుచుకునే కాగితాలా!

అమ్మాయ్… అమ్మాయ్, ఏడవకు. నేనేమీ అన్లేదు—

నవ్వుతున్నావా? నేనిక్కడ నిలబడి కొండ మొక్కుకుంటే నవ్వుతోందీ! ఫోను మూట దగ్గర పెట్టేముందు ఒక్క మాట చెప్పొచ్చు కదే… చెప్పబోయావా. నేనే వినలేదా… ఊఁ, వినలేదు. హోటలు కాగితాలకి దణ్ణం పెట్టాను నేను…

సరే. మరి భయం వెయ్యలేదూ?… ఎత్తు సంగతి కాదే. స్వామంటే.

పైకెళ్ళాక చెప్పావా… అక్కడ గాల్లోంచి, ఆయనకి… మన కొండకంటే ఎత్తా?… అంతా! ఏమని చెప్పావు?

‘ముందు కిందికి దింపండి, మిగతాది ఊరొచ్చాక మాట్లాడుకుందాం’ అనా… ఏమన్నాడు?… ఏమీ అన్లేదా. దింపాడు… దింపాడు కదా. ఇంకేం అనాలి.

ఎలా ఉందే?… కాదు, అలా ఒక్క ముక్కలో కాదు… ఊఁ… ఊఁ… కాళ్ళ కింద ఏమీ లేదా… పడవలు వడ్లగింజలంతున్నాయా… అరిచావా? ఏమని?… పేరా? నీ పేరే అరుచుకున్నావా!…

ఇంకా చెప్పవే. వింటున్నాను.

కాలి చెప్పు ఒకటి జారి సముద్రంలో పడిపోయిందా… పోతే పోయింది. రెండోది పారెయ్యకు, తీసుకురా. నాకు చూడాలనుంది.

డబ్బేమైనా మిగిలిందా?… నీ జాకెట్లో పెట్టుకో. ఇప్పుడే వెళ్ళి కొబ్బరిబోండం తాగు. రెండు తాగు… నా కొండ సంగతా? కాగితాలకైతేనేం, నోటితో అన్నాను, ఎక్కాలి. నువ్వు తోడు రా… ఆఁ. ఒక్కచోట కాదు, నాలుగు చోట్ల కూర్చుందాం. ఆయనకి తెలీదా మన సంగతి.

తలుపు కొడుతున్నాడా… ముఖం కడుక్కో ముందు. నవ్వకు. ఇప్పుడివ్వు.

ఆఁ, తమ్ముడూ… లేదు. విప్పొద్దన్నాను… సూర్యకళే వద్దంది. అడిగి చూడు… భయమట. ఎత్తంటే కళ్ళు తిరుగుతాయట… అప్పుడు కావాలంది, ఇప్పుడు వద్దంది. మనిషికి మనసు మారదా?…

లోకనాథ్ గారికి ఊరొచ్చాక, కొట్లో బేరాలయ్యాక ఇద్దువుగాని. పేకాట మానితే తొందరగానే తీరుతుంది…

ముడుపా? ఇంకెవరికీ ఇవ్వకు. నువ్వే పట్టుకో. ఒళ్ళో పెట్టుకుని విమానమెక్కు. జాగ్రత్త, చేతులు శుభ్రంగా లేకుండా ముట్టుకోకు…

తేలిగ్గా ఉందా?… కాగితాలకి బరువేంట్రా.

నేనేం దాస్తాను?… అబద్ధమా! నీతోనా? నా జన్మలో ఎప్పుడైనా ఆడానా?… ఒట్టా… ఈ వయసులో నా చేత ఒట్లు పెట్టిస్తావా… సరే, వేస్తాను. విను. ఆ కోరుకొండ స్వామి సాక్షిగా—

అయ్యయ్యో, వడియాల మీద కాకి వాలిందిరా! ఉంటాను… హుష్! హుష్!… ఉంటాను, ఉంటాను.