సైకిలు మీద ఊరెల్లిన వేసవి

"మామ్మా, నాకొకటి చెప్పు. చుట్టూ ఇన్ని కొండలు, పక్కనే నాగావళి. ఇదంతా వదిలేసి, వేసవొస్తే రాయగడ తెలుగువాళ్లంతా చెమటలు కక్కుకుంటూ విజయనగరం వైపు ఎందుకు పరిగెత్తేవారు?"

ఎందుకేటమ్మీ, పుట్టిల్లు కదా! పిల్లల పరీక్షలయ్యేయంటే సాలు, కొట్లవీధి కోడళ్లందరూ పెట్టెలు సర్దుకుని రైలెక్కీవోరు. ఎల్లనేదంటే రమ్మనీవోల్లు నేరని అర్థం. నీకు నవ్వొస్తంది గానీ, మాకది ఎంత నామోషీ అనుకున్నావు!

తొంబైల్లో మాట. ఆ ఏడు నాకు ఎల్డానికి ఇల్లు నేదు. నాన్న ముందే పోయేడు, ఆ సలికాలం అమ్మ పోయింది. మా అన్న, మంచోడేలే, ఆడి బతుకు ఆడిది, ఇల్లు అమ్మీసి భిలాయి ఎల్లిపోయేడు. వీధిలో పెట్టెలు కదుల్తంటే నాను వంటింట్లోంచి బయటికి రాడమే మానీసేను. ఎదురింటి కనకమ్మ ఊరుకుంటాదా? "ఏటే, ఈ ఏడు ఊరెల్లవేటి? మీవోల్ల కాడ్నుంచి కబురు రానేదేటి?" అని వీధి వీధంతా ఇనబడీలాగ!

మాయత్త ఆ మాటలన్నీ ఇనీసింది.

మర్నాడు తెల్లారీసరికి సైకిలు తుడిచి గుమ్మంలో నిలబెట్టింది. మా ఆడబడుచు ఇస్కూలుకెల్లీది సూడు, ఆ లేడీసు సైకిలు. నాకు తొక్కడం వొచ్చులే, సిన్నప్పుడు అద్దెసైకిలు తొక్కీదాన్ని. గంటకి అర్ధరూపాయి... కాదు, పావలానా? ఏదోలే. హేండిలుకి సంచీ తగిలించింది. అందులో పులిహోర, జంతికలు. నాకు బొట్టెట్టింది, జాకెట్టుగుడ్డ సేతిలో ఎట్టింది. అచ్చం పుట్టింటికి పంపినట్టే!

"ఎక్కడికత్తా?" అన్నాను.

"నీకు నచ్చినకాడికి. వేసవిలో కోడలు ఊరెల్లకపోతే మా ఇంటికి పరువేటి? సాయంత్రం అవకుండా గుమ్మం ఎక్కేవో, సూడు మరి!" అనీసి, ఎదురింటివైపు తిరిగి గొంతు పెంచింది. "జాగర్తగా ఎల్లమ్మీ! మీవోల్లందర్నీ అడిగేనని సెప్పు!"

ఏ వోల్లకి సెప్తానమ్మా?

జేకేపూర్ రోడ్డంట తొక్కేను. పేపరుమిల్లు సైరను ఇనబడీదాకా ఎల్లి, నాగావళి వైపు మలిపేను. ఎండాకాలం కదా, బండల మద్దెన నీల్లు సన్నంగా పారతన్నాయి. సెప్పులిప్పి కాళ్లెట్టేను. అబ్బ! ఆ సల్లదనం నెత్తికెక్కింది. అన్నేళ్లూ మా కొట్లో ఉప్పుబస్తాలు, పప్పుబస్తాల మద్దెన బతికేను గానీ, మన నది ఎలగుంటాదో నాను సూడనేదమ్మీ.

కొండోల్ల ఆడోల్లు తునికిపళ్లు తట్టల్లో ఎట్టుకుని సంతకెల్తా మామిడిసెట్టు కింద ఆగేరు. జరిగి నాకు జాగా ఇచ్చేరు. పులిహోర పంచుకున్నాం. ఉన్నట్టుండి నాకు ఏడుపొచ్చీసింది. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవనేదు. అందులో పెద్దావిడ ఎందుకని అడగనేదు. నా జుత్తులో సిక్కుకున్న ఎండాకు తీసింది. ఎల్లేటప్పుడు నా సంచీ నిండా తునికిపళ్లు పోసీసింది.

ఇంటికొచ్చేసరికి మాయత్త గుమ్మంలోనే ఉంది. "పుట్టింటి సారె తెచ్చేవా?" అని సంచీ లాక్కుని, పళ్లేల్లో సర్ది, పసుపు కుంకాల్తోటి వీధంతా పంచేసింది!

కనకమ్మ ముక్కు ఇరిసింది. "ఇదేటి సారె? అడివి పళ్లా?"

"లడ్డూలు ఎవరైనా పంపుతారు కనకమ్మా. మా కోడలి పుట్టిల్లు కొండల్లో ఉంది. తిని సెప్పు."

తిన్నాది. గింజలు ఊసి, "మల్లీ ఎప్పుడెల్తావే?" అంది నాతోటి!

అక్కడ్నుంచి ప్రతి వేసవీ ఎల్లేను. కొన్నాళ్లకి మాయత్తే ఎనక కారేజీ మీద కూకుని "బేగి తొక్కవే, ఎండెక్కిపోతంది" అనీది. మోకాళ్లు పట్టీసినా మాననేదు. నన్ను కన్నోల్లు పోయేక నాకో పుట్టిల్లు సూపించింది ఆవిడే. ఆ రుణం తీరీదా అమ్మీ?

సరే, మాటలు సాలు. మూలింట్లో కొత్తకోడలు నేదూ? ఈ వేసవి ఎక్కడికీ ఎల్లనేదు, రోజూ కిటికీ కాడే నిలబడతంది. ఎందుకెల్లనేదని అడక్కు. నీ స్కూటీ ఇంట్లో ఉంచి, సైకిలు తియ్యి. రేపు తెల్లారగట్లే పోయి పిలు. సిగ్గుపడి వొద్దంటాది, ఇంకోసారి పిలు. సల్లగా ఉండండి ఇద్దరూ.

ఇంకా నా మొహం సూస్తావేటి? లే, టైర్లలో గాలుందో నేదో సూడు.