దిబ్బ కింద మనిషి

ఇరాక్ దక్షిణాన, సుమేరుల పాత నగరం మట్టిదిబ్బగా మిగిలిన చోట చిన్న పల్లె. సమావా పట్నం నుంచి టాక్సీలో వచ్చిన బద్రియా, ఊరంతా ‘సువాదీ వాళ్లమ్మ’ అని కొడుకు పేరుతో పిలిచే ముసలామె ఇంట్లో కూర్చోలేక కూర్చుంది.

“మళ్లీ లేచావేంటమ్మా? చాయ్ చల్లారిపోతోంది.”

“టాక్సీవాడు తొందరపడుతున్నాడు పెద్దమ్మా. దుమ్ముగాలి లేస్తే దారి కనపడదట.”

“వాణ్ణీ పిలువు. రొట్టె కాలుతోంది. గేదె మీగడ ఉంది.”

“వద్దు. నేనడిగింది చెప్పండి చాలు. నా మొగుడు ముతషర్. యుద్ధమొచ్చి ప్రభుత్వం కూలిన ఏడు ఈ దిబ్బ తవ్వడానికొచ్చాడు.”

“ఆ ఏడు ఎవరు రాలేదు? ఎటు చూసినా గోతులే. పూసలనీ, రాతపలకలనీ...”

“గొయ్యి కూలి చచ్చిపోయాడని మాకు కబురొచ్చింది.”

“కూలింది. కూలడం నిజమే. చక్కెర ఇంకాస్త వెయ్యనా?”

“పెద్దమ్మా!”

“వింటున్నా, వింటున్నా.”

“శవాన్ని చూశారా?”

“ఎన్ని గోతులు, ఎంతమంది జనం... ముసలిదాన్ని, నాకేం గుర్తుంటుంది?”

“ఆయన పేరు చెప్పగానే చేతిలో పళ్లెం జారిందేం మరి?”

“మీగడ చేతులమ్మా, జారింది.”

“గురువారం నా కూతురు రబాబ్ పెళ్లి. ఆయన ఇల్లు విడిచేనాటికి అది నా కడుపులో ఉంది. ముతషర్ ఇక్కడెక్కడో తిరుగుతున్నాడని పెళ్లివారికి ఎవరో ఊదారు. చచ్చిపోయాడని మీరు హజ్రత్ అబ్బాస్ మీద ఒట్టేసి చెప్పండి, ఆ మహాత్ముడి మీద దొంగ ఒట్టు ఎవరూ వెయ్యరు. నేను పోయి అదే చెప్పుకుంటాను.”

“అబ్బాస్ మీదా? అంత మాటనకు.”

“ఎందుకు?”

“గాలి లేస్తోంది, బయల్దేరు తల్లీ.”

“ఎందుకు వెయ్యలేరు?”

“బతికే ఉన్నాడు గనక! చాలా? గోతిలోంచి మావాళ్లే లాగారు. కాలు విరిగింది. నా కూతురు ఘనియా కట్లు కట్టింది, గంజి తాగించింది. లేచి నడిచాక ఇంటికి పొమ్మన్నాను. రేపంటాడు, ఎల్లుండంటాడు... ఇప్పుడు నా అల్లుడు. పిల్లలున్నారు. తిట్టు, నన్నే తిట్టు.”

“చాయ్ చల్లారిపోయింది పెద్దమ్మా.”

“దిబ్బకవతల గేదెల్ని మేపుతున్నాడు. పిలిపించనా?”

“వద్దు. వచ్చేటప్పుడు టాక్సీలోంచి చూశాను. కుంటుతున్నాడు గానీ, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే ఆ నడక మాత్రం మారలేదు.”

“చూశావా! చూసి కూడా నన్ను ఒట్టు వెయ్యమన్నావా?”

“దొంగలు తవ్వుకుపోతుంటే మీ నాన్న అడ్డంపడి ప్రాణం పోగొట్టుకున్నాడని చెప్పి పెంచాను రబాబ్‌ని. బళ్లో అందరికీ అదే చెప్పుకునేది. కొడుకు పుడితే ఆ పేరే పెట్టుకుంటానంటోంది.”

“అయ్యో... అయితే నన్నేం చెయ్యమంటావు?”

“ఒట్టు వద్దులెండి. ఆయనకొక్క మాట చెప్పండి. పెళ్లి సంగతి ఎక్కడైనా వింటే, నేనే తండ్రినంటూ మా గడప తొక్కొద్దనండి. చచ్చినవాడిగానే మాకు పనికొచ్చాడు. అలాగే ఉండమనండి.”