పసుపు కోటకు రెండో దర్వాజ

మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి కాలనీలో ఒక మధ్యాహ్నం. దుబాయి నుంచి మేనమామ పంపిన పసుపురంగు ప్లాస్టిక్ ఇటుకలతో కూతురు కోట కట్టింది. రెండో షిఫ్టుకు బయల్దేరిన తండ్రి దాని ముందు కూర్చుండిపోయాడు.

“ఎవలది బిడ్డా గీ కోట?”

“ఎనకటి రాజుది బాపు. డబ్బా మీది బొమ్మ చూసుకుంట కట్టిన.”

“లోపట చీకటుంటదా?”

“ఉండది. గోడలు పసుపుయి గదా, ఎండ లోపటిదాంక పోతది.”

“మంచిగున్నది. మరి గీ ఒక్క దర్వాజ కూలితే లోపటోళ్లు ఎట్లొస్తరు?”

“డబ్బా మీది బొమ్మల ఒక్కటే ఉన్నది.”

“మా బాయికి రెండు తొవ్వలుంటయి. రెండోది లేకుంటే మేం దిగనే దిగం.”

“మొన్న బాయిల పైకప్పు కూలినప్పుడు నువ్వు రెండో తొవ్వ నుంచే వచ్చినవా?”

“నీకెవలు చెప్పిన్రు?”

“అమ్మ ఏడ్సుకుంట అత్తకు చెప్తుంటే విన్న.”

“షిఫ్టుకు యాళ్లయితాంది బిడ్డా, పోయొస్త.”

“జర ఆగు బాపు.”

ఆమె కోట వెనక గోడలోంచి నాలుగు ఇటుకలు పీకి, రాజు బొమ్మను తెచ్చి ఆ సందులో నిలబెట్టింది.

“గదేంది, రాజును గాడ కావలి పెట్టినవ్?”

“నువ్వు ఇంటికొచ్చేదాంక ఆయన గీ దర్వాజ మూయనియ్యడు.”